మార్గశిర లక్ష్మివారం నాటి అద్దె

మా ఆవిడ గౌరీశ్వరికి అనుమానం ఎక్కువ. ఈ మాట నేను ఆవిడ వెనకాల అనడం లేదు, ఎదురుగానే అంటాను. అంటే "నీ మీద నేదు గదా, సంతోసించు" అంటుంది. అది శుద్ధ అబద్ధం. నా ఆటోలో డీజిలు ఎంత ఉందో నా మొహం చూసి చెప్పేస్తుంది. పాలప్యాకెట్టు తెస్తే నాలుగు మూలలూ నొక్కి చూస్తుంది. గ్యాసు బండ వస్తే ఎత్తి ఊపుతుంది. పెళ్లిచూపుల రోజున నేను కాఫీ గ్లాసు ఏ చేత్తో పట్టుకున్నానో చూసిందట. ఎందుకే అంటే "ఊరికే" అంది. ఇన్నేళ్లయినా ఆ ఊరికే ఏమిటో నాకు తెలీదు.

మాది కవిటి. మా ఉద్దానంలో అనుమానం అందరికీ ఉన్న జబ్బే. నీళ్ల మీద అనుమానం, నీళ్లు మంచివని తేలితే అవి తెచ్చిన ట్యాంకు మీద అనుమానం. కిడ్నీలు ఎందుకు పోతున్నాయో కనిపెడతామని ఎక్కడెక్కడివాళ్లో వచ్చి రక్తం తీసుకుపోతారు, మళ్లీ ఈ దిక్కు కనబడరు. మా నాన్న అలాగే పోయాడు. ఆయన్ని డయాలసిస్‌కి పలాస తిప్పిన రోజుల్లోనే, ఇంట్లో మిగిలిన కాస్త బంగారమూ అమ్మేసి గౌరీశ్వరి పిండిమర పెట్టింది. నా ఆటో సంపాదన ఆటో రిపేర్లకే చాలదు. మా ఇల్లు ఆ మర మీదే నడుస్తోంది. ఈ పోలారావు ఈ సంగతి ఒప్పుకోవడానికి ఏమీ సిగ్గుపడడు.

పిండిమర నడిపేవాళ్లకి ఒక ఖర్మ ఉంది. ఊళ్లో ప్రతి ఆడదీ వాళ్లని దొంగలనే అనుకుంటుంది. చోళ్లు, అంటే రాగులు, మూడు కిలోలు పోస్తే పిండి మూడు కిలోలు రాదు. కొంత గాల్లో ఎగిరిపోతుంది. కొంత రాళ్ల సందున ఉండిపోతుంది. కొంత, పిండి పడే చోట కట్టిన గుడ్డగొట్టం మడతల్లో ఇరుక్కుంటుంది. ఈ సంగతి చెప్పినా ఎవరూ నమ్మరు. మర పెట్టిన కొత్తలో ఒకావిడ నలుగురిలోనూ "మీ ఇంట్లో రొట్టెలకి మా చోళ్లేటి?" అనేసింది. ఆ రాత్రి గౌరీశ్వరి అన్నం తినలేదు. ఆవిడ ఏడవగా నేను చూసింది బహు తక్కువ, అందులో అదొకటి.

మర్నాటినుంచి పద్ధతి మార్చేసింది. ఒక్కొక్కరి పిండి అవగానే మోటారు కట్టేస్తుంది. గుడ్డగొట్టాన్ని అరచేత్తో పైనుంచి కిందదాకా తడుతుంది. తర్వాత ముడి విప్పి, వాళ్ల కళ్లెదుటే తిరగేసి దులుపుతుంది. "సూసుకో. నీ పిండి నా మరలో ఉండకూడదు" అంటుంది. అవతలావిడ చాల్లేవే అన్నా ఆపదు. జంక్షన్లో ఇంకో మర ఉంది, అక్కడ పని తొందరగా అవుతుంది, అయినా జనం దాన్ని దాటుకుని మా మరకే వస్తారు. తనకంత అనుమానం కాబట్టి ఎదుటివాళ్ల అనుమానం ఎక్కడుంటుందో ఆవిడకి బాగా తెలుసు.

మర ఉన్న గది రమణమూర్తి గారిది. కవిటిలో వాళ్లకి కొబ్బరితోటలు, మెయిన్ రోడ్డు మీద వరసగా గదులు ఉన్నాయి. ఆయన కాపురం టెక్కలిలో. మాకూ ఆయనకీ కాగితాలేమీ లేవు, నోటిమాట మీదే గది ఇచ్చారు. ప్రతి నెలా ఐదో తారీఖున గౌరీశ్వరి టెక్కలి వెళ్లి అద్దె ఆయన చేతికిచ్చి వచ్చేది. కంచిలి దాకా నా ఆటో, అక్కడినుంచి బస్సు. వాళ్ల పొలంలో చోళ్లు మా మరకే వచ్చేవి, ఆ పిండి సంచి కూడా పట్టుకెళ్లేది.

రమణమూర్తి గారి భార్య వాణి గారు ఆ సంచి అందుకుని, కనీసం లోపలికి తొంగి చూడకుండా డబ్బాలోకి ఒంపేసుకునేవారు. "కాటా పెట్టి తూసుకోండమ్మా" అని ఈవిడ అంటే "ఏటే, నువ్వు తేడా సేత్తావా?" అనేవారు. ఈ మాట గౌరీశ్వరి బస్సు దిగీదిగగానే నాకు చెప్పేది. నెలనెలా అదే మాట, కొత్తగా విన్నట్టు చెప్పేది. ఊరంతా కళ్లు పెట్టుకుని కాపలా కాసే చేతుల్ని ఒకావిడ చూడకుండా నమ్మింది. ఆ ముచ్చట కోసమే బస్సు చార్జీలు పెట్టుకుని వెళ్తోందని నేను ఆటపట్టించేవాణ్ణి.

ఐదో తారీఖు లక్ష్మివారం పడితే మాత్రం కదిలేది కాదు. గురువారాన్ని మేం లక్ష్మివారం అంటాం. అది మార్గశిరంలో అయితే ఇక చెప్పక్కర్లేదు. తెల్లారకుండా ఇల్లు కడిగి, గడప దగ్గర్నుంచి దేవుడి మూల దాకా ముగ్గులో లక్ష్మి పాదాలు వేసి, కొత్త ధాన్యం పెట్టి పూజ చేసుకుంటారు. ఆ రోజు ఇంట్లోంచి డబ్బు బయటికి పోకూడదు. పక్కింటావిడ వచ్చి అడిగినా ఉప్పు పెట్టరు. శుక్రవారమూ అంతే. అంచేత అద్దె శనివారం వెళ్లేది. రమణమూర్తి గారింట్లోనూ ఇదే ఆచారం కాబట్టి ఆయన ఒక్కనాడూ ఏమీ అనుకోలేదు.

ఆ తర్వాత వాళ్లబ్బాయి అవినాష్, చేతికి తీసుకోవడమేంటి నాన్నా, నెలనెలా బ్యాంకే పంపేలా పెట్టించు అన్నాడట. గౌరీశ్వరి నెల రోజులు నసిగింది. "నా డబ్బు నాను సూడకుండా దానంతటదే ఎలగెల్తాది, మావ?" అని నన్నే నిలదీసింది. చివరికి బ్యాంకుకి వెళ్లి కాగితం మీద సంతకం పెట్టింది. ఐదో తారీఖున ఫోను టింగుమంటుంది, డబ్బు పోయినట్టు మెసేజి వస్తుంది, అంతే. మొదట్లో ప్రతి నెలా టెక్కలికి ఫోన్ చేసి "పడిందా బాబూ?" అని అడిగేది. పడిందని ఆయన విసుక్కోకుండా చెప్పేవారు. కొన్నాళ్లకి అడగడం మానేసింది. టెక్కలి వెళ్లడమూ మానేసింది. పిండి సంచి వాళ్ల తోటలు చూసే పైడిరాజు పట్టుకెళ్లేవాడు.

మూడేళ్లు బాగానే నడిచింది, మధ్యలో మామూలు లక్ష్మివారాలు పడినా ఎలాగో సరిపెట్టుకుంది. తర్వాత ఆ మార్గశిరం వచ్చింది.

డిసెంబరు ఐదు లక్ష్మివారం పడింది. క్యాలెండర్లో ముందే చూసుకుని గౌరీశ్వరి బ్యాంకుకి పరిగెత్తింది. అక్కడ సాహిత్య అనే చిన్న ఆఫీసరు ఉంది, మంచి పిల్లే. ఈ ఒక్క నెలా అద్దె శనివారం పంపమని అడిగితే ఆ పిల్ల నవ్వింది. "కంప్యూటర్‌కి వారాలు తెలీవమ్మా. ఒకసారి ఆపితే మళ్లీ మొదటినుంచీ పెట్టించుకోవాలి. వదిలెయ్యండి" అంది.

ఆ లక్ష్మివారం పొద్దున్న పూజ మధ్యలో ఫోను టింగుమంది. గౌరీశ్వరి చేతికి పసుపు. తీసి చూడమని నాకు సైగ చేసింది. చూశాను. అద్దె పోయింది.

"లచ్చిమి ఎదురుగుండా పోయింది, మావ" అంది. ఏదో జరుగుతుందని నమ్మేసింది. ఇలాంటివి నమ్మడంలో మా ఆవిడని మించినవాళ్లు లేరు. ఆ మర్నాటినుంచి మర బెల్టు చప్పుడు మారిందా అని చెవి పెట్టి వినేది.

జనవరి ఐదున మళ్లీ మెసేజి వచ్చింది. సంక్రాంతి పండగ వెళ్లగానే పైడిరాజు మర దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా గడప బయటే నిలబడ్డాడు.

"బాబుగోరు గది కాళీ సెయ్యమన్నారు. వొచ్చే నెలాకరికి."

"ఏటీ?" అంది గౌరీశ్వరి. మోటారు కట్టేసింది.

"కాళీ సెయ్యమన్నారు."

"ఎందుకు?"

"నాకేటి తెల్దు. సెప్పమన్నారు, సెప్పినాను" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

మర అంటే మంచం కాదు, భుజాన వేసుకుని ఇంకో ఇంటికి పోవడానికి. సిమెంటు దిమ్మలో బోల్టులు దించాం. త్రీఫేజు కరెంటు రమణమూర్తి గారి పేరు మీద ఉంది. కొత్త చోట కనెక్షను రావాలంటే ఎన్ని నెలలు తిరగాలో దేవుడికి తెలియాలి. ఈలోగా మా ఆడంగులంతా జంక్షన్లో మరకి అలవాటు పడిపోతారు. ఒకసారి పోయినవాళ్లు మళ్లీ రారు. మర పోతే మా ఇల్లు పోయినట్టే, అది మా ఇద్దరికీ తెలుసు, అందుకే ఇద్దరం ఆ మాట పైకి అనలేదు.

గౌరీశ్వరి ఫోన్ చేసింది. రమణమూర్తి గారు ఎత్తి ఒకే మాట అన్నారు. "రెండు నెలలు అద్దె ఎగ్గొట్టి ఫోనెలా సేత్తన్నావు గౌరీ?" అని పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఇక చూడాలి మా ఆవిడని. కొంగు బిగించి గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగింది. ఎప్పుడెప్పుడి సంగతులో పైకి లాగింది. పండక్కి ముందు ఎవరో ఇద్దరు టేపు పట్టుకుని రోడ్డు కొలిచారు. అది కాలవ కోసం కొలిచారని నేను చెప్పాను. "కాలవకయితే మన గుమ్మం ఎందుకు కొలిసినారు?" అంది. ఒకతను మా గదుల వరసకి ఫోనులో ఫోటో తీశాడట. అవినాష్ ఎవరితోనో మందులషాపు పెట్టిస్తాడని ఎవరో అన్నారట. పైడిరాజు లోపలికి ఎందుకు రాలేదు? మొహం ఎందుకు తిప్పుకున్నాడు? అన్నీ కలిపి ముడేసింది. ముడి పడింది కూడా. డబ్బు తీసుకుని లేదంటే మనం గొడవ పడతాం, గొడవ పడితే వెళ్లగొట్టడం సులువు, ఇదీ ఆవిడ లెక్క.

"బ్యాంకోళ్ల దగ్గరే ఏదో తేడా వొచ్చుంటాదే" అన్నాను నేను.

"బ్యాంకుకి నా గదెందుకు, మావ? మిసనుకి ఆశుంటాదా? ఆశ మనిసికే ఉంటాది."

బ్యాంకుకి వెళ్లాం. సాహిత్య కంప్యూటర్ చూసి "మీ ఖాతా నుంచి రెండు నెలలూ వెళ్లిందమ్మా, ఇదిగో" అని కాగితం తీసి ఇచ్చింది. వాళ్లు తమ బ్యాంకులో అడగాలి అంది. ఆ కాగితం చేతిలో పడ్డాక గౌరీశ్వరిని పట్టుకోవడం నావల్ల కాలేదు. మరకొచ్చి, కాస్త బియ్యప్పిండి నీళ్లలో కలిపి, ఆ కాగితాన్ని కరెంటు మీటరు పక్కన గోడకి అంటించింది. వచ్చినవాళ్లందరికీ చూపించింది. చదువు రానివాళ్లకి చదివి చెప్పింది.

"తిన్న సొమ్ము తిన్లేదంటన్నాడు, పెద్దమనిసి. పేదోళ్ల అద్దె రెండేసి సార్లు తినడం మరిగినాడు" అంది, మర నిండా జనం ఉన్నప్పుడు.

"నెమ్మదిగా అనవే" అన్నాను.

"ఏం, నీకు వాటా వొచ్చిందా?" అంది. ఆడవాళ్లంతా నవ్వారు. నాకు ఒళ్లు మండింది, ఆటో తీసుకుని పోయాను. నాకూ ఆ రోజు కొంచెం అనుమానం పుట్టిన మాట నిజం. రమణమూర్తి గారి మీద కాదు. ఆ మాటలంటున్నప్పుడు గౌరీశ్వరి మొహంలో ఒక హాయి కనబడింది. ఇన్నేళ్లు తను పడిన మాటని ఇంకొకరి మీద వేస్తే అంత తేలిగ్గా ఉంటుందా అనుకున్నాను.

మాటలు టెక్కలి చేరాయి. పైడిరాజు చేర్చాడు, దారిలో నాలుగు కలిపే ఉంటాడు. వాళ్ల చోళ్ల సంచి పండగ ముందునుంచీ మరలోనే ఓ మూల పడి ఉంది. దాన్ని ఆడించనూ లేదు, తిరిగి పంపనూ లేదు.

అలా ఉండగా ఒక పొద్దున్న మర తీసేసరికి మా వెనక వీధి కృష్ణవేణి పిన్ని సంచి పట్టుకుని నిలబడి ఉంది. ముందురోజు సాయంత్రం ఆఖరుగా ఆడించుకున్నది ఆవిడే. అంబలికి చోళ్లు.

"గౌరీ, ఇంటికాడ తూసినానే. తగ్గింది" అంది.

ఎప్పుడు దొరుకుతుందా అని చూస్తున్నట్టు గౌరీశ్వరి లేచిపోయింది. "అయితే నాను తిన్నానా? అందరూ కలిసి నన్ను ఎల్లగొడతారా? ఆ టెక్కలోడు పంపినాడా నిన్ను?"

కృష్ణవేణి పిన్ని ముసలిది, గొంతు పెంచదు. "నువ్వు తిన్నావని నానన్నానా? తగ్గిందన్నాను" అంది.

గౌరీశ్వరి ఇంకో మాట అనడానికి నోరు తెరిచి, ఆగిపోయింది. వెనక్కి తిరిగి మర వైపు చూసింది. ముందురోజు సాయంత్రం పిన్ని పిండి ఆడుతున్నంతసేపూ రమణమూర్తి గారి కథే చెబుతోంది, నేను అక్కడే ఉన్నాను. చెబుతూ చెబుతూ సంచి పిన్ని చేతికిచ్చేసింది. గొట్టం తట్టలేదు. మర పెట్టినప్పటినుంచీ అలా ఎన్నడూ జరగలేదు.

వెళ్లి గొట్టం ముడి విప్పింది. తట్టింది. చోడిపిండి జలజలా పళ్లెంలోకి రాలింది. అది పిన్ని సంచిలో పోసి, కాటా మీద పెట్టి చూపించి, పిన్ని వెళ్లిపోయాక మర పక్కన పీట మీద కూలబడింది. చేతులనిండా పిండి.

"మావ" అంది. "పిన్ని పోసినమాట నిజం. నాను తిన్లేదన్నమాటా నిజం."

"అవును. అయితే ఏటి?"

"నాను పంపినమాట నిజం. ఆయనకి పడలేదేమో, మావ."

ఇదే మాట నేను పది రోజుల ముందు చెప్పాను. అప్పుడు వినలేదు. ఆ సంగతి గుర్తు చెయ్యకుండా ఆటో తీశాను.

మళ్లీ బ్యాంకుకి వెళ్లాం. ఈసారి గౌరీశ్వరి గొంతు లేవలేదు. "నా దగ్గిర్నించి ఎల్లిందా అని అడగడానికి రాలేదమ్మా. ఆయన ఖాతాలో పడిందో నేదో ఒక్కసారి సూడగలవా?" అంది. సాహిత్య ఎవరికో ఫోన్ చేసింది, వాళ్లు ఇంకెవరికో చెయ్యమన్నారు, అక్కడ చాలాసేపు పాట వినిపించారు. మేం బల్ల మీద కూర్చున్నాం. మధ్యాహ్నం భోజనం వేళ దాటాక ఆ పిల్ల మా దగ్గరికే నడుచుకుంటూ వచ్చింది. మొహం చిన్నబుచ్చుకుని ఉంది.

నవంబరులో రమణమూర్తి గారి బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయిందట. ఆయన ఖాతా నంబరు మారింది. మా బ్యాంకు పాత నంబరుకే పంపింది. అది తిరిగొచ్చేసింది. తిరిగొచ్చింది మా ఖాతాలో వెయ్యాలి, మాకు చెప్పాలి. వెయ్యలేదు, చెప్పలేదు. రెండు నెలల అద్దె బ్యాంకులోనే, ఎవరిదీ కాని ఒక ఖాతాలో పడి ఉంది.

"మా తప్పేనమ్మా. రేపు రెండూ కొత్త నంబరుకి వెళ్లిపోతాయి. సారీ" అంది సాహిత్య.

నాకు కోపం ఆగలేదు. మీ సారీ పట్టుకెళ్లి మా మర గుమ్మానికి కట్టుకోవాలా అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. లైన్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. గౌరీశ్వరి నా చొక్కా పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"ఆ పిల్లనేటి అంటావు, మావ? ఆ పిల్ల తప్పు రేపటికి సరిపోద్ది."

మరకి వచ్చి గోడ మీద కాగితం పీకింది. పిండి జిగురు కదా, సగం ఊడింది, సగం గోడకే ఉండిపోయింది. తడిగుడ్డ పెట్టి, గోళ్లతో గీకింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రోజునుంచి మరకొచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది, బాబుగారు తినలేదు, బ్యాంకులో ఉండిపోయింది, నేనే తొందరపడ్డాను అని. మొదటి కథ విన్నంత ఇదిగా ఈ కథ ఎవరూ వినలేదు. "పోన్లేవే" అని పిండి సంచి ఎత్తుకుని పోయేవాళ్లు. ఇద్దరు ముగ్గురు, బెదిరించి చెప్పించాడేమో అని వాళ్లలో వాళ్లు అనుకోవడం నేను విన్నాను. అది గౌరీశ్వరి కూడా వింది.

డబ్బు పడిందని తెలిశాక, మూలనున్న వాళ్ల చోళ్లు బాగుచేసి ఆడించింది. గొట్టం తట్టి, దులిపి, మళ్లీ తట్టింది. మరలో ఇంకేమీ లేదని నేను చెప్పినా ఆగలేదు. మర్నాడు ఇద్దరం టెక్కలి బస్సెక్కాం. దారిపొడవునా సంచి ఒళ్లోనే పెట్టుకుంది, కింద పెట్టమంటే పెట్టలేదు.

రమణమూర్తి గారు వరండాలో పేపరు చూస్తున్నారు. మమ్మల్ని చూసి కూర్చోమన్నారు. ఆయన కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు.

"డిసెంబరులో పడకపోతే ఏటనుకున్నానో తెలుసా గౌరీ?" అన్నారు. "మార్గశిర లక్ష్మివారం గదా, ఆపుకుందనుకున్నాను. శనివారం వేస్తాదిలే అన్నాను. శనివారమూ పడలేదు. పూజల నెల, ఆడపిల్లని డబ్బు అడగడం బాగోదని మా వాణి అంది. సరే, నెల పోయాక అడుగుదామనుకున్నాను. అంతలో రెండోదీ పడలేదు. అడగనివాడు దొరికాడని అలుసైపోయానేమో అనిపించింది."

గౌరీశ్వరి తల దించుకుంది. "ఆ లక్ష్మివారం డబ్బు ఎల్లిపోయిందని నాను ఏడ్సినాను బాబూ."

ఆయన తలూపారు. "మొదట్లో నెలనెలా అడిగేదానివి, పడిందా బాబూ అని. నువ్వు అడిగినా బాగుండేది, నేను అడిగినా బాగుండేది" అని పేపరు మడిచి పక్కన పెట్టారు. "గది నీదే. మర కదపక్కర్లేదు. పైడిరాజుకి చెబుతాను."

నేను లేచి దణ్ణం పెడుతున్నాను, ఆయన నా వైపు చూడకుండా అన్నారు. "మా నాన్న కాలం నుంచి కవిటిలో మమ్మల్ని చాలా మాటలన్నారు గౌరీ. దొంగ అని మాత్రం నువ్వే అన్నావు."

గౌరీశ్వరి తల దించుకునే ఉంది. ఆ సంచి ఎత్తుకుని లోపలికి వెళ్లింది. నేను గడప దగ్గర నిలబడ్డాను.

వాణి గారు స్టవ్ మీద పాలు పెట్టి ఉన్నారు. "వొచ్చావా, కూకో" అన్నారు, పాతప్పటి లాగే. సంచి అందుకున్నారు. డబ్బా మూత తీసే ఉంది. ఆవిడ చెయ్యి డబ్బా దాకా వెళ్లి ఆగింది. సంచిని బల్ల మీద పెట్టి, అటక మీంచి కాటా దించారు. గుడ్డతో దుమ్ము తుడిచారు. సంచి కాటా మీద పెట్టి, కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు.

గౌరీశ్వరి చేతులు కట్టుకుని నిలబడింది. మరలో మా దగ్గర ఆడవాళ్లు నిలబడతారే, అలా.

"సరిపోయింది" అన్నారు వాణి గారు. పిండి డబ్బాలో ఒంపుకుని, మాకు కాఫీ ఇచ్చారు.

తిరుగు బస్సులో గౌరీశ్వరి కిటికీ పక్కన కూర్చుంది. కాశీబుగ్గ దాటాక, గది నిలబడింది కదే, మర నిలబడింది కదే, ఇంకేం కావాలి అని నేనే అన్నాను.

"తూసింది, మావ" అంది.

తర్వాతి వారం బ్యాంకుకి వెళ్లి ఆ నెలనెలా పంపే ఏర్పాటు తీయించేసింది. ఇప్పుడు అంతా సరిగ్గా పనిచేస్తోందమ్మా, ఎందుకు తీయిస్తారు అని సాహిత్య ఎంతో చెప్పింది. వినలేదు. మళ్లీ ఐదో తారీఖున కంచిలి దాకా నా ఆటో, అక్కడినుంచి బస్సు. లక్ష్మివారమైతే శనివారం. అద్దె ఆయన చేతికిస్తుంది. పిండి సంచి తనే వంటింట్లో బల్ల మీద పెడుతుంది. వాణి గారికి అటక అందదని, ఆ కాటా కూడా తనే దించి ఇస్తుంది.

నాకు ఉండబట్టలేక ఒకసారి అరిచాను. అంత అవమానం పడుతూ ప్రతి నెలా పోవడమెందుకు, పైడిరాజు చేతికిస్తే పోలేదా అని.

"ఏదో ఒక నెల మరిసిపోద్ది, మావ" అంది. "ఏదో మాటల్లో పడి, తూడం మరిసిపోయి ఒంపేసుకుంటాది. ఆ యేళ నాను అక్కడుండాల గదా."

మొన్న ఐదో తారీఖున బస్సు దిగగానే మొహం చూశాను, ఈసారీ తూచారని తెలిసిపోయింది. అడగలేదు. ఖాళీ సంచి మడతపెట్టి నా చేతికిచ్చి, ఆటో ఎక్కి కూర్చుంది.